గుమ్మటంలో ద్రాక్ష పాకం

ఇస్తాంబుల్, కొత్త మసీదు కొండ
రజబు నెల, మొదటి వారం

బావా, సలాం.

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. "వీడికి గోడ కూడా తిన్నగా కట్టడం రాదు" అని ప్రతి పెళ్ళిలోనూ నువ్వు చెప్పి నవ్వించే నీ బావమరిది బెహ్రామ్, పాదుషా కట్టిస్తున్న కొత్త మసీదులో పెద్ద గుమ్మటానికి మేస్త్రి అయ్యాడు. నిన్న పెద్ద మేస్త్రి పెర్విజ్ ఆగా అందరి ముందూ నా నడుముకి ఎర్ర పట్టీ కట్టారు. అక్కకి ఈ ముక్క రెండు సార్లు చదువు. రెండోసారి కొంచెం గట్టిగా చదువు.

ఇక పని సంగతి. నాకు అరవై నాలుగు కుండలు కావాలి. నవ్వకు, నీళ్ళకి కాదు. గుమ్మటం లోపలి గోడలో, మూతి లోపలివైపు ఉండేలా వరసగా పొదుగుతాం. బయట సున్నం పూత, లోపల ఖాళీ. అప్పుడు ముందు గోడలోని మిహ్రాబు గూటి దగ్గర ఇమాం మామూలు గొంతుతో చదివినా చిట్టచివర చెప్పులు విడిచేవాడికి కూడా ప్రతి అక్షరం వినబడుతుంది. కుండలు లేకపోతే మాట గుమ్మటంలో గింగిరాలు తిరిగి కిందికొచ్చేసరికి ముద్దయిపోతుంది.

అన్నీ ఒకే కొలత. పిడికిలి మందం మెడ, మోచేతంత పొడుగు. ప్రతి మూతికీ గుడ్డ చుట్టి, నువ్వు చేపల వలకి వేస్తావు చూడు, ఆ జారుముడి వెయ్యి. దానికి పొడుగాటి తాడు వదులు. రంగుల పనివాళ్ళ పని అయిపోయి, పరంజా విప్పేశాక, కింద నుంచి తాడు లాగితే గుడ్డ ఊడి రావాలి. అంతవరకు సున్నం, రంగు లోపలికి పోకూడదు.

ఇంకో నియమం ఉంది. పొదిగే ముందు ప్రతి కుండనీ మేస్త్రే స్వయంగా వేలి కణుపుతో కొట్టి, మోగిందా లేదా చూడాలి. కొట్టానని పెద్ద మేస్త్రికి మాట ఇవ్వాలి. మాట తప్పితే పట్టీ పోతుంది. పెర్విజ్ ఆగా ముసలాయన, మెతకగా మాట్లాడతారు కానీ అబద్ధం అంటే మాత్రం పడదు.

నన్ను పెంచింది అక్క. ఈ పట్టీ ఆమెకి చూపించాలని ఉంది. మసీదు తెరిచే శుక్రవారానికి మీరిద్దరూ రావాలి.

నీ బావమరిది,
గుమ్మటం మేస్త్రి బెహ్రామ్ (ఈ మాట కూడా చదివి వినిపించు)


ఇజ్నిక్, కుమ్మరి వీధి
షాబాను నెల, చివర

గుమ్మటం మేస్త్రి గారికి, కింద నేల మీద ఉండే కుమ్మరి సెఫెర్ సలాం.

కూర్చునే చదివాను. మీ అక్క నిలబడే విన్నది, పడలేదు, ఏడ్చింది. తరవాత వీధంతా తిరిగి చెప్పొచ్చింది. ఇప్పుడు నేను రొట్టెలు కొనడానికి వెళ్ళినా "గుమ్మటం మేస్త్రి బావగారూ" అంటున్నారు. నలభై ఏళ్ళు ఈ వీధిలో మట్టి తొక్కితే రాని మర్యాద, నువ్వు ఒక గుడ్డ కట్టుకుంటే వచ్చింది.

కుండలు తయారు. ఒక్కదానికీ పగులు లేదు. కానీ నా కడుపుమంట నీకు చెప్పాలి. మా ఎదురింటి పలకల వాళ్ళు ఉన్నారుగా, వాళ్ళ నీలం పువ్వుల పలకలు కూడా ఆ మసీదుకే వెళుతున్నాయట. వాటిని దూదిలో చుట్టి, ఒంటెల మీద, పెళ్ళికూతుర్ని పంపినట్టు పంపారు. వెళుతూ వెళుతూ ఆ ఇంటాయన నన్ను అడిగాడు: "నీ కుండలు ఎక్కడ పెడతారు సెఫెర్?" గోడ లోపల అన్నాను. "ఓహో, కనబడకుండానా? మంచిదే" అన్నాడు. చూశావా ఆ మాట! జన్మలో మొదటిసారి పాదుషా గారికి ఏదో చేస్తుంటే అది ఎవడికీ కనబడదు!

సరే పోనీ. గురువారం బండి బయలుదేరుతుంది. బండికి నేనే ఎక్కించాను. మీ అక్కని ఒక్కదాన్ని కూడా ముట్టుకోనివ్వలేదు. నడుం నొప్పి కదా ఆమెకి.

మీ అక్క దీవెనలు చెప్పమంది. ఇంకేదో కూడా రాయమంది, గుర్తు రావడం లేదు. పెద్ద విషయం కాదులే.

నీ బావ,
సెఫెర్


ఇస్తాంబుల్, పరంజా మీద నుంచి
షవ్వాలు నెల, రెండో వారం

బావా,

నిన్ను మెచ్చుకుంటూ ఉత్తరం రాయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. బండి దిగింది, పడవ దిగింది. ఉస్కుదార్ రేవులో పడవవాడు ఒక కుండ మీద కూర్చున్నాడు. అది పెంకులైపోయింది. ఇంక ఒకటి తక్కువే అనుకున్నాను. గడ్డి తీసి లెక్కపెడితే సరిగ్గా అరవై నాలుగు! అంటే నువ్వు ముందుచూపుతో ఒకటి ఎక్కువ పంపావన్నమాట. నువ్వు! ఇంటి కప్పు కారుతుంటే వాన వెలిశాక బాగుచేద్దామని, వాన వెలిశాక ఇప్పుడెందుకని అనేవాడివి! పెర్విజ్ ఆగాకి కూడా చెప్పాను. "మీ బావ బుద్ధిమంతుడు" అన్నారు. ఆయన నిన్ను చూడలేదు కదా.

కుండలన్నీ గుమ్మటంలోకి ఎక్కాయి. పూత కూడా అయిపోయింది. గోడకేసిన సున్నం అంటారే, నిజంగా అదే, ఇంక ఒక్కటీ ఊడి రాదు. తాళ్ళు మాత్రం అరవై నాలుగూ కిందికి వేలాడుతున్నాయి. నెబీ ఎఫెందీ అని పాదుషా తరఫున కట్టడం మీద అధికారి ఒకాయన ఉన్నారు. ఆయన రోజూ వచ్చి ఆ తాళ్ళ కింద నుంచి వంగి నడుస్తారు. తాడు తలపాగాకి తగిలితే ఎవరో కావాలని లాగినట్టు చూస్తారు.

నీకొక్కడికే చెబుతున్నా, అక్కకి చదవకు. అరవై నాలుగూ కణుపుతో కొట్టి చూడాలన్నానా? పది కొట్టాను. పదకొండోది చేతిలో ఉండగా వంటశాల నుంచి గొర్రె పులావు వాసన వచ్చింది. పక్కనున్న అర గుమ్మటాల పని పూర్తయిందని ఆ రోజు పనివాళ్ళందరికీ విందు. ఆలస్యంగా వెళితే ఎముకలే మిగులుతాయి. యాకూబుని, మిగతా కూలీల్ని పొదగమని చెప్పి దిగిపోయాను. పెర్విజ్ ఆగా అడిగితే "అన్నీ కొట్టానండీ, అన్నీ మోగాయి" అన్నాను. నీ పనితనం మీద నమ్మకంతోనే బావా.

బెహ్రామ్


ఇజ్నిక్, కుమ్మరి వీధి
జిల్కాదు నెల, మొదటి వారం

తమ్ముడు బెహ్రామ్‌కి అక్క షెహ్రిబాన్ చెప్పి రాయిస్తున్నది.

మీ బావ రాస్తున్నాడు. పక్కన ఇమాం గారి భార్య హనీఫె గారు కూర్చుని ఉన్నారు. రాసింది రాసినట్టు ఉందో లేదో ఆవిడ చదివి చెబుతారు. ఎందుకంటే ఈ మధ్య నేను పది మాటలు చెబితే మీ బావ కాగితం మీద మూడే గీస్తున్నాడని నాకు అనుమానం.

ఏరా తమ్ముడూ, నీకు సిగ్గుందా? మేస్త్రివి అయితే అక్క చేతి పాకం చేదయిపోతుందా? పోయిన శరదృతువులో చెరువు వైపు తోటలో ద్రాక్ష కోసి, తొక్కి, మూడు రోజులు పొయ్యి దగ్గర నిలబడి కాచిన పాకం రా అది. మీ బావ చేసిన పాత కుండ ఒకటి, ఇప్పుడు నీకు పంపిన వాటి కొలతదే, తీసుకుని, నిండా పోసి, నా కొంగు చింపి మూతికి కట్టి, మైనం రాసి, నీకని పక్కన పెట్టాను. చలికాలమంతా దాని జోలికి పోలేదు. వసంతంలో నీ బండిలో పంపాను. మీ బావే స్వయంగా ఎత్తి బండిలో పెట్టాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇరవై రెండేళ్ళ కాపరంలో ఆ మనిషి నా బరువు మోయడం అదే మొదలు, కళ్ళనీళ్ళు తిరిగాయి.

రెండు నెలలు దాటింది. బాగుందని లేదు, బాగులేదని లేదు. "అందింది" అన్న మాట కూడా లేదు. బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావు. ఇంక నేను నీకు ఉత్తరం రాయించను. మసీదు తెరిచే రోజుకి రాను. నీ ఎర్ర పట్టీ నువ్వే అద్దంలో చూసుకో.

అక్క

(హనీఫె గారు చదివారు. సరిగ్గానే ఉందన్నారు. "అందింది" అన్న మాట నేను మొదట వదిలేశానని తిట్టి రాయించారు. సెఫెర్.)


ఇస్తాంబుల్, గుమ్మటం కింద
జిల్కాదు నెల, మూడో వారం

బావా, నా కొంప మునిగింది!

అక్క పాకం నాకు అందలేదు. అందలేదంటే అందింది. గుమ్మటంలోకి అందింది! ముందుచూపు నీది కాదన్నమాట. ఆ అరవై అయిదో కుండ అక్కది! పడవవాడు పగలగొట్టింది ఖాళీ కుండే, పెంకులు నా కళ్ళతో చూశాను, తడి లేదు. అంటే పాకం కుండ, నిండుగా, పాదుషా మసీదు గుమ్మటంలో, తల్లకిందులుగా, ఒక గుడ్డ ముక్క మీద ఆధారపడి ఉంది!

పరంజా విప్పేశారు. ఎక్కే దారి లేదు. పన్నెండు రోజుల్లో నెబీ ఎఫెందీ సమక్షంలో తాళ్ళు లాగాలి. ఏ తాడు ఏ కుండదో తెలుసు కానీ ఏ కుండలో ఏముందో తెలియదు. తాళ్ళు లాగేటప్పుడు ఆయన గుమ్మటం మధ్యలోనే నిలబడతారు, ఆయనకి మధ్యలో నిలబడడం ఇష్టం. ఎనిమిది శేర్ల పాకం అంత ఎత్తు నుంచి తెల్ల తలపాగా మీద పడితే నా గతేం కావాలి?

కూలీల్ని విడివిడిగా పిలిచి అడిగాను, "మీరు ఎత్తిన కుండల్లో ఏదైనా బరువుగా ఉందా?" అని. యాకూబు "అవునండీ, తూర్పు వరసలో మూడోది, ప్రాణం పోయింది" అన్నాడు. రెండోవాడు పడమర వరస అన్నాడు. మూడోవాడు తను ఎత్తినవన్నీ బరువే అన్నాడు, కూలి పెంచుతారేమో అని అడిగాడు.

నిన్న చీమలు కనబడ్డాయి. గోడ వెంట బారుగా పైకి పోతున్నాయి. దొరికిందిరా అనుకుని మెడ వెనక్కి వాల్చి వాటి వెంటే మసీదంతా తిరిగాను. ఏనుగు కాలు అంటామే, ఆ పెద్ద స్తంభానికి తల కొట్టుకున్నాను. చివరికి అవి వెళ్ళింది పాదుషా నమాజు చేసే మేడ మీదికి. అక్కడ రంగుల వాళ్ళు దాచుకున్న హల్వా ఉంది.

పెర్విజ్ ఆగాకి చెబితే, "మరి కణుపుతో కొట్టినప్పుడు మోగిందన్నావే?" అంటారు. నిండు కుండ మోగదు బావా! అబద్ధం అక్కడే బయటపడుతుంది. పట్టీ పోతుంది. చెప్పకపోతే పాకం పడుతుంది, అప్పుడూ పట్టీ పోతుంది, నేనూ పోతాను.

బండికి ఎక్కించింది నువ్వే కదా. ఆ కుండకి గుర్తేమైనా ఉందా? గీత, చుక్క, ఏదైనా? వెంటనే రాయి. ఈ ఉత్తరం తెచ్చిన కంచరగాడిదల వాడు అక్కడ ఒక్క పూటే ఆగుతాడు.

బెహ్రామ్


ఇజ్నిక్
జిల్కాదు నెల, చివర

ఒరేయ్ బెహ్రామ్,

కంగారు పడకు. కంగారు పడితే మనిషికి జుట్టు ఊడుతుంది, నీకసలే తక్కువ.

నేను నలభై ఏళ్ళుగా కుమ్మరిని. కుమ్మరికి కుండ మనసు తెలుస్తుంది. నా మనసుకి ఏమనిపిస్తోందంటే, ఏమీ కారదు. ఒక్క బొట్టు కూడా కారదు. ఎందుకు అని అడగకు. అనుభవం. హాయిగా తాడు లాగు. ఎవరికీ ఏమీ చెప్పకు. ముఖ్యంగా ఎవరికీ ఏమీ చెప్పకు.

మీ అక్కకి "పాకం అందింది, బ్రహ్మాండంగా ఉంది" అని రెండు ముక్కలు రాసి పడెయ్యి. ఆమె కోపం పోతుంది, రెండు ఇళ్ళకీ శాంతి.

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టు.

సెఫెర్

గుర్తు గురించి అడిగావు. గుర్తు ఏమీ లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదు.


ఇస్తాంబుల్, సున్నం గుంట దగ్గర
జిల్హిజ్జా నెల, రెండో వారం

సెఫెర్ గారికి,

"బావా" అని రాయడం లేదని గమనించావా? గమనించు.

నీ కుమ్మరి అనుభవం మీద పాదుషా గుమ్మటాన్ని వదిలెయ్యలేక, తాళ్ళు లాగే రోజు పొద్దున్న పెర్విజ్ ఆగా కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. పది కుండలే కొట్టానని, పులావు కోసం దిగిపోయానని, అబద్ధం ఆడానని, ఒక కుండలో పాకం ఉందని. ఆయన చాలాసేపు గడ్డం సవరించుకున్నారు. నేను పట్టీ ముడి విప్పడం మొదలుపెట్టాను.

"ఎక్కడి పాకం?" అన్నారు.

"ఇజ్నిక్ ఆగా."

"కొండ వైపు తోటలదా, చెరువు వైపు తోటలదా?"

"చెరువు వైపుది ఆగా. మా అక్క కాచింది."

"ఊఁ" అన్నారు. ఇంకాసేపు గడ్డం. "అబద్ధానికి శిక్ష తరవాత చూద్దాం. నిజం చెప్పావు, అది నీ ఖాతాలో ఉంటుంది. ముందు తివాచీలు వెనక్కి చుట్టించు. వంటశాల నుంచి పెద్ద పళ్ళాలు తెప్పించు. పాకం నేలపాలు కాకూడదు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "రొట్టె కూడా."

మధ్యాహ్నానికి ఈ కబురు కొండంతా పాకింది. కమ్మరివాళ్ళు వచ్చారు, సీసం రేకుల వాళ్ళు వచ్చారు, అద్దాల వాళ్ళు వచ్చారు. అందరి చేతిలో రొట్టె. ఒకడు నువ్వుల ముద్ద కూడా తెచ్చుకున్నాడు, పాకంలో కలుపుకుందామని. నెబీ ఎఫెందీ మొదట "పవిత్ర స్థలంలో ఏమిటీ తిండిపోతుతనం!" అని కేకలేశారు. తరవాత చూస్తే ఆయన చొక్కా చేతిలోంచి కూడా రొట్టె కొన తొంగిచూస్తోంది.

నూట ఎనభై మంది, పాదుషా గుమ్మటం కింద, పళ్ళాలు పట్టుకుని, నోళ్ళు తెరిచి పైకి చూస్తున్నారు. నేను మొదటి తాడు లాగాను. గుడ్డ ఊడి వచ్చింది. ఏమీ పడలేదు. అందరూ "ఆఁ" అన్నారు. రెండోది లాగాను. "ఆఁ." మూడోది. ఇరవయ్యోది. నలభయ్యోది. ప్రతి గుడ్డకీ నెబీ ఎఫెందీ ఒక అడుగు అటో ఇటో జరిగి పళ్ళెం సర్దుకుంటున్నారు. అరవై మూడు అయ్యాయి. ఒక్కటే మిగిలింది. పెర్విజ్ ఆగా తన పాత కోటు సవరించుకుని సరిగ్గా దాని కింద నిలబడ్డారు. ఎనభై ఏళ్ళ మనిషి, రొట్టె ముక్క పైకి ఎత్తి పట్టుకున్నారు. లాగాను.

గుడ్డ ఆయన ముఖం మీద పడింది. అంతే.

అవును, అంతే! అరవై నాలుగూ ఖాళీ! నూట ఎనభై రొట్టెలు ఉత్తవి! ఆ నిశ్శబ్దంలో ఎవడో ఎక్కిళ్ళు పెడితే అరవై నాలుగు కుండల్లోంచీ వినబడింది.

నెబీ ఎఫెందీ ముఖం వంకాయ రంగుకి తిరిగింది. "పాదుషా కట్టడంలో ఉన్నతాధికారుల చేత నోళ్ళు తెరిపించి వేళాకోళం చేశాడు! వీణ్ణి చలువరాతి గనుల ద్వీపానికి పంపండి" అన్నారు. పెర్విజ్ ఆగా నన్ను చూసిన చూపు ఉంది చూడు, అది తిట్టు కంటే ఘోరం. "అబద్ధం ఆడావన్నావు, క్షమిద్దామనుకున్నాను. ఆ ఒప్పుకోలు కూడా అబద్ధమేనా?" అన్నారు. పట్టీ తీసేసుకున్నారు. మసీదు తెరిచే శుక్రవారం లోపల, పాకం ఏమైందో ముద్ర వేసిన కాగితం, ఒక సాక్షి మాటతో సహా వస్తే సరి. లేకపోతే గనులకి వెళ్ళే పడవ ఎక్కాలి. అంతదాకా సున్నం గుంటలో కలియబెడుతున్నాను. కనుబొమలు తెల్లబడ్డాయి.

ఇప్పుడు విను. ఆ గుడ్డలన్నీ ఏరి చూశాను. అరవై నాలుగు గుడ్డలు, అరవై నాలుగు జారుముళ్ళు. అక్క కొంగు చింపి మైనం రాసి కట్టానంది. అలాంటిది ఒక్కటీ లేదు. అన్నీ చేపల వల ముళ్ళే. ఆ ముడి అక్కకి రాదు. ఈ లోకంలో ఒక్కడికే వచ్చు. పైగా ఒక గుడ్డ లోపలివైపు బంకగా ఉంది. నాకి చూశాను. తియ్యగా ఉంది. దాని మీద మట్టి బొటనవేలి గుర్తు ఉంది.

ఈ ఉత్తరం మొత్తం అక్కకి చదివి వినిపించు. మొత్తం.

బెహ్రామ్


ఇజ్నిక్, ఆవం పక్కన
జిల్హిజ్జా నెల, చివర

బెహ్రామ్,

మీ అక్కకి చదివి వినిపించాను. కొంత. "అక్కా సలాం, ఇక్కడ సున్నం బాగా దొరుకుతోంది" అని.

నెబీ ఎఫెందీ గారికి పంపడానికి మూడు కాగితాలు రాశాను. మొదటి దాంట్లో ఎండకి పాకం ఆవిరైపోయిందని రాశాను. చింపేశాను. రెండో దాంట్లో పాకం తాగే ఒక రకం పిచ్చుక ఉందని రాశాను. దానికి మీసాలు ఉంటాయని రాసేసరికి నాకే నమ్మకం పోయింది. మూడోది మొదలుపెట్టి నీళ్ళు నములుతూ పొద్దున్నుంచి కూర్చున్నాను.

సరే. తిన్నది నేనే.

మొదట మూత ఊడిందేమో చూద్దామని వేలు పెట్టాను. నిజంగా చూద్దామనే. ఆ వేలు ఊరికే కడుక్కోవడం ఎందుకని నాకాను. అది చలికాలం రా, చేతులు మట్టిలో కొయ్యబారిపోయి ఉంటాయి. రోజుకి ఒక్క వేలే అనుకున్నాను. రంజాను రాకముందు చూస్తే అడుగు కనబడింది. కొంగు గుడ్డ ఆవం మంటలో పడేసి, కొత్త గుడ్డతో, తాడుతో సహా, మిగతా కుండలకి వేసినట్టే నా ముడి వేశాను. అందుకే బండికి నేను ఎత్తాను. మీ అక్క ఎత్తితే బరువు లేదని తెలిసిపోయేది. ఆమె అది చూసి కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణంలో చెప్పేసి ఉండాల్సింది. ఎలా చెబుతాను? ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నన్ను అలా చూసింది.

ఒక ఖాళీ కుండ ఎక్కువ పంపానని నువ్వు మెచ్చుకుంటావు, పాకం గొడవ అక్కడితో పోతుంది అనుకున్నాను. నా కుండ నీ నెత్తి మీద వేలాడుతుందని నాకేం తెలుసు?

ఇప్పుడు అసలు చిక్కు. కాగితానికి సాక్షి కావాలన్నావు. చదివి, ఇందులో ఉన్నది ఇదేనని చెప్పే మనిషి. ఇమాం గారు బుర్సా వెళ్ళారు. ఈ వీధిలో చదవడం వచ్చినవాళ్ళు ఇంక ఇద్దరే. ఒకడు నేను. రెండోది హనీఫె గారు. ఆవిడ చదివితే మీ అక్క చెవిన పడడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. మధ్యలో ఒక్క గోడ ఉంది, దానికి కూడా కిటికీ ఉంది.

పలకల ఆయన కూడా వింటాడు. గోడలో కనబడని కుండలు చేసిన సెఫెర్, బావమరిది పాకం దొంగిలించిన సెఫెర్. రేపటి నుంచి రొట్టెల కొట్టు దగ్గర ఏమని పిలుస్తారో!

కాగితం మడిచి పెట్టాను. మూడు సార్లు ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నువ్వు సున్నం గుంటలో కనుబొమలు తెల్లబడి ఉండడం కళ్ళకి కట్టింది. చిన్నప్పుడు కూడా నా సున్నం తొట్టిలో పడితే నేనే కదా నిన్ను తీసింది.

వెళుతున్నాను. ఈ ఉత్తరం నీకు చేరిందంటే కాగితం ఇందులోనే ఉందన్నమాట, నేను బతికే ఉన్నానో లేదో వేరే సంగతి.

సెఫెర్


ఇజ్నిక్, ఇమాం గారి ఇల్లు
అదే రోజు

తమ్ముడూ,

హనీఫె గారు రాస్తున్నారు. నవ్వుతూ రాస్తున్నారు కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు.

నీ ఉత్తరాలన్నీ ఆవిడ మొదటి నుంచి చదివి వినిపించారు. నీ ఎర్ర పట్టీ సంగతి, సున్నం సంగతి తప్ప అన్నీ నాకు కొత్తవే.

మూడు నెలలు నీ మీద అలిగాను రా. పండగ నాడు నీ పేరు తలుచుకోలేదు. ఎవరైనా అడిగితే "మా వాడు పెద్దవాడయ్యాడులే" అని ముఖం తిప్పుకున్నాను. నువ్వేమో లేని పాకం కోసం మెడ విరిచి గుమ్మటం చూస్తూ తిరిగావు. నా నోరు పడ! 

మీ బావకి ఏం చేశానని అడగకు. బాగానే ఉన్నాడు. కూర్చోవడం లేదు, అంతే.

నాలుగు రోజుల్లో బయలుదేరుతున్నాను. ఇంట్లో ఉన్న మిగతా పాకం అంతా ఒక కుండలో పోశాను. అది నా ఒళ్ళో పెట్టుకుని వస్తాను. ఎవడైనా మూత మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి వాడి దగ్గర ఉండదు. మీ బావని ఆవం చూసుకోమని ఇక్కడే వదిలేస్తున్నాను. ఒక్క రొట్టె పెట్టి, పాకం లేకుండా.

ఆ గనుల పడవని ఆగమను.

అక్క


ఇస్తాంబుల్, కొత్త మసీదు కొండ
ముహర్రం నెల, మొదటి వారం

బావా,

మళ్ళీ "బావా" అంటున్నాను. నిలబడే చదువు, ఎలాగూ కూర్చోలేవట.

నీ కాగితం వచ్చింది. పెర్విజ్ ఆగా స్వయంగా చదివారు. "ఆ వేలు ఊరికే కడుక్కోవడం ఎందుకని" అన్న చోట ఆగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివారు. నెబీ ఎఫెందీకి మాత్రం కోపం తగ్గలేదు. "కాగితం సరే, గుమ్మటం మాటేమిటి? పది కుండలే కొట్టి చూశాడు. మిగతావి పగిలి ఉంటే? పాదుషా వచ్చిన రోజు ఇమాం గొంతు ముద్దగా వినబడితే మన తలలు ఉంటాయా? ముందు పరీక్ష పెట్టండి, తరవాతే వీడి పట్టీ సంగతి" అన్నారు.

నిన్న పరీక్ష. ఆయన పాదుషా మేడ మీద, పెర్విజ్ ఆగా మిహ్రాబు దగ్గర, మిగతా వాళ్ళం మూల మూలకీ నిలబడ్డాం. పెద్ద గుమ్మం దగ్గర ఎవరో ఒకరు మామూలు గొంతుతో ఒక వాక్యం అనాలి. ఆ పనికి యాకూబుని పెట్టాం. వాడు అంతమందిని చూసి కుక్కిన పేనులా ఉండిపోయాడు. నోరు పెగలడం లేదు. 

అప్పుడు వచ్చింది అక్క. తిన్నగా రేవు నుంచి, ఒళ్ళో కుండతో, వాకిట్లో కావలివాణ్ణి పక్కకి నెట్టి. పరీక్షా గిరీక్షా ఆమెకేం తెలుసు? చెప్పులు విడిచి, గుమ్మంలో నిలబడి, దూరంగా సున్నం కొట్టుకుపోయిన నన్ను చూసింది.

"ఏంట్రా తమ్ముడూ, ఇలా చిక్కిపోయావు?"

గట్టిగా అనలేదు బావా. మన వంటింట్లో అన్నట్టే అంది. పైన పాదుషా మేడలో, మూలల్లో, స్తంభాల వెనక, మిహ్రాబు దగ్గర, ఆమె నా చెవి పక్కనే నిలబడి అన్నట్టు వినబడింది. ఒక్క అక్షరం ముద్దవలేదు. అందరూ నా వైపు తిరిగి నేను నిజంగా చిక్కానా అని చూశారు. నాకు ఏడుపొచ్చింది. అది కూడా అందరికీ వినబడింది.

అక్క అక్కడితో ఆగితే బాగుండేది. "ఇదంతా నా మొగుడి వల్ల. వేలు పెట్టి వేలు పెట్టి కుండంతా నాకేశాడు, పాకం దొంగ!" అంది. నీ అరవై నాలుగు కుండలూ ఆ మాటని ఎంత బాగా పలికాయో నేను చెప్పలేను. "దొంగ" అన్నది బయట వాకిట్లో కాళ్ళు కడుక్కునేవాళ్ళకి కూడా వినబడిందట.

నెబీ ఎఫెందీ మేడ మీద నుంచి వంగి చూశారు. ముఖం మామూలు రంగుకి వచ్చింది. "స్పష్టంగా ఉంది" అని ఒప్పుకున్నారు. దిగివచ్చేటప్పుడు చొక్కా చేతిలోంచి రొట్టె తీశారు. తాళ్ళు లాగిన రోజు నుంచి రోజూ తెచ్చుకుంటున్నారనుకుంటా. పెర్విజ్ ఆగా నా పట్టీ తెచ్చి అక్క చేతికిచ్చారు, ఆమే కట్టింది. అబద్ధానికి శిక్ష మాత్రం మరిచిపోలేదు, ఏడాది పాటు పులావు రోజున నేను వడ్డించాలి, అందరూ తిన్నాక తినాలి. వాకిట్లో కూర్చుని అందరం పాకం తిన్నాం. బ్రహ్మాండంగా ఉంది, ఇది నువ్వు రాయమన్నందుకు కాదు. నీకు ఏమీ మిగల్లేదు.

తిన్నాక పెర్విజ్ ఆగా మళ్ళీ లోపలికి వెళ్ళి, గుమ్మటం కింద నిలబడి, పైకి చూసి, "ముప్పై ఏళ్ళుగా గుమ్మటాలు కడుతున్నాను, ఇంత బాగా పలికిన కుండలు చూడలేదు. ఎవరు చేశారు ఇవి?" అని అడిగారు. ఎదురుగా ఆ పలకల వాళ్ళ మేస్త్రి కూడా ఉన్నాడు, గోడకి నీలం పువ్వులు అతికిస్తున్నాడు.

నేను నోరు తెరిచేలోపే, అక్క గుమ్మం దగ్గర నుంచే, కొంగు సర్దుకుని అంది: "మా ఆయన చేశాడు."

అది కూడా అందరికీ వినబడింది, బావా.

నీ బావమరిది,
బెహ్రామ్